మా కుక్క పట్టేసిన అపశ్రుతి

మా ఇంట్లోకి కుక్క రావడానికి కారణం చెప్పులు.

నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో, ఒక పాత మూడంతస్తుల బిల్డింగులో మొదటి అంతస్తు మాది. మెట్ల దగ్గర విడిచిన చెప్పులు నెలకో జత చొప్పున మాయమయ్యేవి. నేను ఒక బీమా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. నష్టం జరగకముందే జాగ్రత్త పడాలని పదిమందికీ చెప్పే ఉద్యోగం. అందుకని బాగా ఆలోచించి, చెప్పుల స్టాండు ఇంటి లోపల పెట్టుకుంటే తీరిపోయేదానికి, కుక్కను తెచ్చాను.

ఆఫీసులో నా పక్క సీటాయన కాచిగూడలో ఉంటాడు. అప్పుడే వాళ్ళ కుక్క ఈనింది. "దీని తల్లి మొరిగిందంటే కాచిగూడ ప్లాట్‌ఫారం మీద పండుకున్నోళ్ళు లేచి కూసుంటరు సార్," అన్నాడు. తల్లి లాబ్రడార్ అని కూడా అన్నాడు. తండ్రి ప్రస్తావన రాలేదు. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి, ఇంకో చెవి వాలిపోయి ఉన్న ఆడ కుక్కపిల్లను అట్టపెట్టెలో పెట్టుకుని ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. దాని పేరు ఇక్కడ రాయను. ఇందులో ఎవరి పేరూ రాయనని మా ఆవిడకు మాటిచ్చాను. మనుషులకు చూపించే మర్యాద కుక్కకు మాత్రం ఎందుకు తగ్గించాలి?

అది మొరగలేదు.

మొదట్లో చిన్నపిల్ల కదా అనుకున్నాం. ఆరు నెలలైంది. ఏడాదైంది. గ్యాస్ సిలిండర్ తెచ్చే ఆయన వస్తే తోక ఊపేది. కరెంటు మీటరు చూసే ఆయన వస్తే వెల్లకిలా పడుకుని పొట్ట నిమరమనేది. మా ఎదురింట్లో ఒక సేట్ ఉంటాడు, బేగం బజార్లో మసాలా దినుసుల దుకాణం ఆయనది. ఒకరోజు నన్ను మెట్ల మీద ఆపి, "మీ చెప్పులు తీస్కపోయినోణ్ణి నేను కండ్లార చూసిన సార్. నేను అరిచేలోపల ఉరికిండు. మీ కుక్క గేటు దాక పోయి, సాగనంపి వచ్చింది," అన్నాడు.

పశువుల దవాఖానకు తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాని నోరు తెరిచి, టార్చి వేసి చూసింది. "గొంతు మంచిగనే ఉంది. కొన్ని గిట్లనే ఉంటయ్. దానికి ఏమన్న చెప్పాలనిపిస్తే చెప్తది. మీరు ఫికర్ చేయకున్రి," అంది.

నేను ఫికర్ చేయడం మానేశాను. రెండేళ్ళ పాటు దానికి చెప్పాలనిపించేది ఏదీ మా ఇంట్లో జరగలేదు.

ఇక నా గొంతు సంగతి చెప్పాలి. నాది పెద్ద గొంతు. చిన్నప్పుడు బళ్ళో ప్రార్థన పాడిన రోజు నుంచి అందరూ ఆ మాటే అనేవారు, "వీనిది పెద్ద గొంతు" అని. అది మెచ్చుకోలు కాదని, ఉత్త కొలత మాత్రమేనని నాకు యాభై ఆరో ఏట తెలిసింది. అప్పటిదాకా నేను మంచి గాయకుణ్ణి. ఆబిడ్స్‌లో మా చర్చి క్వయిర్‌లో ఇరవై రెండేళ్ళుగా టెనర్ వరసలో, అంటే మగవాళ్ళ పై స్థాయి గొంతుల వరసలో, నిలబడుతున్నాను. ఆఫీసులో ఎవరు రిటైరైనా వీడ్కోలు పాట నాదే. పెళ్ళిళ్ళలో ఎవరూ అడక్కముందే మైకు దగ్గరికి నడుస్తాను. పాట అయ్యాక జనం చప్పట్లు గట్టిగా కొడతారు. పాట అయిపోయినందుకు కూడా మనుషులు చప్పట్లు కొడతారని నాకెప్పుడూ తట్టలేదు.

మా క్వయిర్‌ను నడిపేది డెబ్బై దాటిన ఒక టీచరమ్మ. మెదక్ వైపు మనిషి. మిషన్ బళ్ళో సంగీతం చెప్పి ఎప్పుడో రిటైరయ్యారు. మా చర్చిలో సగంమందికి సరిగమలు నేర్పింది ఆవిడే. నాకు నేర్పలేదు. నేర్పుతానంటే నేనే అవసరం లేదన్నాను.

టెనర్ వరసలో నా చోటు చిట్టచివర, గోడవైపు, ఒక పెద్ద నిలువు ఫ్యాన్ పక్కన. ఆబిడ్స్ ఎండల్లో ఆ చోటంటే మాటలు కాదు. నా సీనియారిటీని గౌరవించి టీచరమ్మ ఇచ్చారని, మిగతావాళ్ళు లోలోపల కుళ్ళుకుంటున్నారని అనుకునేవాణ్ణి. డిసెంబరు చలిలో కూడా ఆ ఫ్యాను ఎందుకు తిరిగేదో ఒక్కసారీ అడగలేదు.

సోలో మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ రాలేదు. అడిగినప్పుడల్లా టీచరమ్మ, "నువ్వు కోరస్‌కు బలం బిడ్డా. నువ్వు ముందటికొస్తే ఎనక కోరస్ ఏం గావాలె?" అనేవారు. ఆ మాటను నేను వారం రోజులు పిప్పరమెంటు బిళ్ళలా చప్పరించేవాణ్ణి.

ఈ ఏడాది మట్టలాదివారం దగ్గర పడింది. ఈస్టరుకు ముందు వారం వచ్చే పండుగ అది. అందరం ఈతమట్టలు చేతబట్టుకుని పాడుతూ చర్చిలోకి నడుస్తాం. ఆ రోజు పాడే ఒక పాత కీర్తనలో నాలుగు పంక్తులు ఒక్కరే పాడాలి. ఈసారి నేను పట్టు వదల్లేదు.

"ఇరవై రెండేండ్లయింది టీచర్‌గారూ," అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి, చీరకొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నా వైపు చాలాసేపు చూశారు. "సరే బిడ్డా. ఇంట్ల ప్రాక్టీస్ చెయ్. అందరి ముందర పాడి చూద్దాం," అన్నారు.

ఆ శనివారం పొద్దున ఉప్పునీళ్ళు పుక్కిలించాను. సేట్ దుకాణం నుంచి తెప్పించుకున్న అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకున్నాను. హాల్లో కిటికీ ముందు నిలబడి పాట ఎత్తుకున్నాను. కుక్క డైనింగ్ టేబుల్ కింద నిద్రపోతోంది. మొదటి పంక్తి అయింది. రెండోది అయింది. మూడో పంక్తిలో స్వరం పైకి వెళ్ళే చోట, కుక్క లేచింది. టేబుల్ కింద నుంచి బయటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుంది. మూతి పైకెత్తింది. కళ్ళు మూసుకుంది.

"ఊఁ ఊఁ ఊఁ ఊఁ..."

అంత పొడుగు కూత నేను స్టేషన్ పక్కన ఉండి కూడా వినలేదు.

మా ఆవిడ దోసెల గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. మా అమ్మాయి, కోఠీలో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది, నోట్లో బ్రష్షుతో వచ్చింది. "మమ్మీ, మాట్లాడింది! అది మాట్లాడింది!" అని నురగంతా గోడ మీద పడేలా అరిచింది. మా ఆవిడకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ముగ్గురం కింద కూర్చుని దాన్ని కౌగలించుకున్నాం. అది ఇబ్బందిగా మా మొహాలు నాకింది.

నా ఆనందానికి ఇంకో కారణం కూడా ఉంది. దొంగ వచ్చినా నోరు తెరవని జీవి, రెండేళ్ళ తర్వాత నా పాట వినగానే నోరు తెరిచింది. ఇంతకంటే పెద్ద రసికురాలు నాకు ఎక్కడ దొరుకుతుంది? మళ్ళీ పాడాను. మళ్ళీ గొంతు కలిపింది. మా అమ్మాయి ఫోన్లో వీడియో తీసి మా చుట్టాల గ్రూపులో పెట్టింది. అరగంటలో మా మరదలు జవాబు రాసింది, "అబ్బ, ఎంత మంచిగ పాడుతుందో!" అని. ఆ రోజంతా ఆ మాట నాలుగైదు సార్లు తీసి చూసుకున్నాను. "పాడుతుండు" అని కాదు, "పాడుతుంది" అని రాసిందని, అది కుక్కకిచ్చిన మెప్పని, సోమవారం మా అమ్మాయి వివరంగా చెప్పేదాకా నాకు అర్థం కాలేదు.

సోమవారానికల్లా ఆఫీసులో నా పక్క సీటాయనకు వీడియో చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, "దీని తల్లి గిట్ల ఎన్నడు ఏడ్వలే సార్," అన్నాడు. ఆయనకు సంగీతం తెలియదులే అనుకున్నాను.

మా ఆవిడ సర్కారు బళ్ళో లెక్కల టీచరు. ఏదైనా ఒక్కసారి జరిగితే ఆమె నమ్మదు. రెండుసార్లు జరిగినా నమ్మదు. ఎందుకు జరిగిందో తేలాలి. మంగళవారం సాయంత్రం ఉతికిన బట్టలు మడతపెడుతూ అదే కీర్తన తను పాడింది. కుక్క నిద్రపోతోంది. అమ్మాయి చేత పాడించింది. కుక్క పక్కకు తిరిగి పడుకుంది. ఫోన్లో వందమంది క్వయిర్ పాడిన అదే కీర్తన పెట్టింది. కుక్క నిద్రలోనే తోకతో రెండుసార్లు నేల మీద కొట్టింది.

"ఇప్పుడు మీరు పాడున్రి," అంది.

పాడాను. మూడో పంక్తికి కుక్క లేచింది.

"చూసినవా?" అన్నాను గర్వంగా. "దానికి నా గొంతే గావాలె."

"గొంతే గావాల్నంటే పాట మొత్తం అరవాలె గదా," అంది మా ఆవిడ. "కొన్ని జాగలల్లనే అరుస్తుంది. మళ్ళ పాడున్రి, ఎక్కడెక్కడో చూద్దాం."

కీర్తనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. నేను నాలుగుసార్లు పాడాను. కుక్క అరిచిన ప్రతి అక్షరం మీదా ఆమె టిక్కు పెట్టింది. నాలుగుసార్లూ అవే ఐదు చోట్లు. ఒక్క టిక్కు కూడా అటూ ఇటూ జరగలేదు. మా అమ్మాయి తన చిన్న కీబోర్డు తీసుకొచ్చి, ఆ ఐదు చోట్ల ఉండాల్సిన స్వరాలు ఒక్కొక్కటి నొక్కి చూపించింది. కుక్క నోరు మూసుకునే ఉంది. తర్వాత అవే అక్షరాలు నన్ను పాడమంది. కుక్క మూతి లేపింది.

"డాడీ," అంది మా అమ్మాయి, చాలా మెల్లగా. "గీడ నువ్వు కిందికి పోతున్నవ్."

"ఎక్కడికి?"

"స్వరం కిందికి. కొంచెమే. కానీ పోతున్నవ్."

కీబోర్డు పాడైందన్నాను. కాదని అది నాకంటే నమ్మకంగా మోగింది. కుక్కకు ఒక చెవి వాలిపోయి ఉంది కాబట్టి సగమే వినపడుతుందన్నాను. హాలు చిన్నది, నా గొంతు పట్టడం లేదన్నాను. ఆ చివరి కారణం నాకే బాగా నచ్చింది. మర్నాడు పొద్దున్నే కుక్కను తీసుకుని పబ్లిక్ గార్డెన్స్ వైపు నడిచాను. గోడ పక్కన జనం తక్కువగా ఉన్న చోట చెట్టు కింద నిలబడి, ఆరుబయట, పూర్తి గొంతుతో పాడాను.

మూడో పంక్తి దగ్గర నలుగురు నడక ఆపేశారు. తెల్ల బూట్లు వేసుకున్న ఒక పెద్దావిడ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"పాపం, ఏందయ్యా, ఎందుకు కొడ్తున్నవ్ దాన్ని?"

"కొడ్తలేనమ్మా. పాడుతున్న."

ఆవిడ నన్ను చూసింది. కుక్కను చూసింది. కుక్క ఆవిడ కాళ్ళ వెనక్కు వెళ్ళి నిలబడింది.

"అయితే బంద్ చెయ్ మరి," అంది.

ఇంత జరిగాక బుద్ధున్న మనిషి ఎవరైనా ఆ సోలో వదులుకుంటాడు. నాకు మాత్రం పౌరుషం పెరిగింది. అదే వారం మా చర్చి హాలుకు కొత్త టైల్స్ వేస్తున్నారని, క్వయిర్ ప్రాక్టీసుకు చోటు లేదని తెలిసింది. "మా ఇంట్ల పెట్టుకుందాం," అని అందరికంటే ముందు నేనే అన్నాను.

శనివారం సాయంత్రం పద్నాలుగు మంది మా హాల్లో ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ళు రాకముందే మా ఆవిడ కుక్క మెడపట్టీ పట్టుకుని, "దీన్ని బెడ్రూంల పెట్టి గొళ్ళెం పెడతా," అంది. నేను ఒప్పుకోలేదు. పద్నాలుగు గొంతుల్లో నా గొంతు ఏదో కుక్కకేం తెలుస్తుందిలే అన్నది నా లెక్క. దాచిపెడితే భయపడ్డానని ఇంట్లోవాళ్ళు అనుకుంటారన్నది రెండో లెక్క. కుక్క తిన్నగా వెళ్ళి టీచరమ్మ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది.

ముందు అందరం కలిసి పాడాం. రెండు పంక్తులు సాఫీగా వెళ్ళాయి. మూడో పంక్తిలో కుక్క తల ఎత్తింది. పై స్థాయిలో పాడే ఆడవాళ్ళు, సొప్రానోల వైపు చూసింది, కింది స్థాయిలో పాడే బేస్ వాళ్ళ వైపు చూసింది, చివరికి టెనర్ వరస మీద చూపు నిలిపి, మూతి పైకెత్తి కూత పెట్టింది. హాలంతా నవ్వులు. టీచరమ్మ చెయ్యెత్తారు.

"మళ్ళ ఒకపారి," అన్నారు.

మళ్ళీ అక్కడే. టీచరమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. అన్నేళ్ళు పరీక్షలు పెట్టిన మనిషి కదా, ఆవిడకు ఇక ఇది నవ్వులాట కాదు.

"టెనర్లు మాత్రం పాడున్రి."

మళ్ళీ అక్కడే.

"ఇప్పుడు ఒక్కొక్కరు."

మేం టెనర్లం నలుగురం. మొదట మందుల షాపాయన పాడాడు. కుక్క తల కిందికి దించింది. తర్వాత ఒక బ్యాంకు ఉద్యోగి. కుక్క వెనక కాలితో చెవి గోక్కుంది. మూడో ఆయన రైల్వేలో టికెట్ల కౌంటర్లో పనిచేస్తాడు, ఆ రోజు ఆయనకు జలుబు. ఇతను తప్పకుండా దొరికిపోతాడని నేను పైకి జాలిగా, లోపల ఆశగా ఎదురుచూశాను. కుక్క ఆవులించింది.

నా వంతు వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. నిజం చెప్పాలి, ఆ రోజు కుక్క శాయశక్తులా నన్ను కాపాడాలని చూసింది. మూడో పంక్తి రాగానే మూతిని ముందుకాళ్ళ మధ్య దూర్చుకుంది. గొంతులో "కుంయ్" మన్నది మింగింది. ఇంకోసారి మింగింది. ఇక నావల్ల కాదన్నట్టు నా వైపు ఒక్క చూపు చూసి, లేచి కూర్చుని, కళ్ళు మూసుకుని అందుకుంది.

సొప్రానోలు కీర్తనల పుస్తకాల్లో మొహాలు దాచుకున్నారు. బేస్ వాళ్ళలో ఒకాయన బాల్కనీలోకి వెళ్ళి నవ్వాడు. టీచరమ్మ ఒక్కరే నవ్వలేదు. వంగి, కుక్క తల నిమిరి, దానికి మాత్రమే వినపడాలన్నట్టు, "నీకు ఎవరు నేర్పిన్రే తల్లీ?" అన్నారు. సరిగ్గా అప్పుడే హాలు నిశ్శబ్దమైంది. అందరికీ వినపడింది.

సోలో జలుబు చేసిన రైల్వే ఆయనకు వెళ్ళింది. నేను లేచి అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అందించాను. కుక్కకు ఒక్క బిస్కెట్టు కూడా వేయలేదు. మిగతావాళ్ళు ఏడు వేశారు.

ఆ తర్వాత మూడు రోజులు నేను కుక్కతో మాట్లాడలేదు. క్వయిర్‌కు ఇక రానని టీచరమ్మకు మెసేజ్ పెట్టాను. యాభై ఆరేళ్ళ మనిషి కుక్క మీద అలిగి మూడు రోజులు ఎలా గడిపాడంటే, దాన్ని బయటికి తీసుకెళ్ళే పని మా ఆవిడకు అప్పగించి, అది గదిలోకి వస్తే పేపరు అడ్డం పెట్టుకుని గడిపాడు. కుక్కకు ఆ సంగతే తెలియలేదు. రోజూలాగే వచ్చి నా కుర్చీ కింద కూర్చుని, నా పాదం మీద గడ్డం పెట్టుకుని నిద్రపోయేది. అర స్వరం తేడాను పట్టేసే జీవికి, కోపంగా ఉన్న పాదానికీ మామూలు పాదానికీ తేడా తెలియలేదు.

మూడో రోజు భోజనాల దగ్గర మా ఆవిడను అడిగాను. "నీకు ముందే ఎర్కనా?"

"ఏది?"

"నాకు పాడరాదని."

ఆమె మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "పెండ్లయిన వారానికే ఎర్క."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"పాడేటప్పుడు మీ మొఖం ఎట్లుంటదో మీకు ఎర్క లేదు. ఎంత సంబరంగ ఉంటరో. అది చూసుకుంట కూసుంటే చెవులు వాటంతట అవే మూసుకునేటివి," అంది. కొంచెం ఆగి, "లెక్కలు రాని పిల్లల తప్పులు దిద్దుతగని, గీ ఒక్కటి దిద్దబుద్ధి కాలే," అంది.

నేను మజ్జిగ తాగాను.

నాలుగో రోజు సాయంత్రం తలుపు తీస్తే టీచరమ్మ. ఆ వయసులో మా మెట్లన్నీ రెయిలింగు పట్టుకుని ఎక్కి వచ్చారు. కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకుని, చాయ్ అడిగారు. కుక్క వెళ్ళి ఆవిడ పాదాల మీద తన చోటు తాను చూసుకుంది.

"క్వయిర్‌కు రానన్నవేంది?"

"వచ్చి ఏం జేయాలె టీచర్‌గారూ? ఇరవై రెండేండ్ల నుంచి మీరు చెప్పలే. చివరికి కుక్క చెప్పింది."

"ఔ. తప్పు నాదే," అన్నారు ఆవిడ. నేను ఆ మాట ఊహించలేదు. "వాన గొట్టినా, కర్ఫ్యూ ఉన్నా, ఎవరు రాకున్నా నువ్వు వచ్చేటోనివి. అందరికన్న ముందుగాల వచ్చి కుర్చీలు ఏసేటోనివి. గసొంటోనికి నీకు పాడరాదని ఎట్ల చెప్పాలె? నోరు రాలే. ఫ్యాన్ పెట్టిచ్చిన."

"ఏ ఫ్యాన్?"

ఆవిడ చాయ్ కప్పులోకి చూశారు. "గోడ దిక్కుది. దుకాణంల నాలుగు ఫ్యాన్లు తిప్పిచ్చి, అన్నిట్ల ఎక్కువ సప్పుడు చేసేది చూసి తెమ్మని నేనే చెప్పిన."

వంటింట్లో మా ఆవిడకు దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది.

"నీ చెవి మంచిదే బిడ్డా," అన్నారు టీచరమ్మ. "నువ్వే దానికి పని చెప్తలేవు. గంత గట్టిగ పాడితే పక్కోడు ఇనబడడు. నీది నీకే ఇనబడదు. సగం గొంతుతోని పాడు. ఇప్పుడు."

"ఇప్పుడా?"

"ఔ. ఇది ఇంటది గదా," అని కుక్కను చూపించారు.

సగం గొంతుతో మొదలుపెట్టాను. నాకే సిగ్గుగా ఉంది, ఎవరి మాటలో దొంగచాటుగా వింటున్నట్టు. మూడో పంక్తి దగ్గర కుక్క నిలబడిన చెవి కొంచెం వణికింది. నేను స్వరాన్ని పైకి నెట్టాను. చెవి నిలకడగా ఆగింది. పంక్తి అయిపోయింది. కుక్క లేవలేదు.

"చూసినవా?" అన్నారు టీచరమ్మ.

ఆ ఆనందంలో నాలుగో పంక్తి పూర్తి గొంతుతో అందుకున్నాను. కుక్క కూడా అందుకుంది. టీచరమ్మ నవ్వారు. వంటింటి గుమ్మంలోకి వచ్చి మా ఆవిడ నవ్వింది. కొంతసేపటికి నేను కూడా నవ్వాను. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

మట్టలాదివారానికి మూడు వారాలుంది. రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు అరగంట కుక్క ముందు కూర్చుని పాడేవాణ్ణి. గురువుగారి పద్ధతి తొందరగానే అర్థమైంది. నిలబడిన చెవి వణికితే స్వరం జారుతోందని గుర్తు. మూతి కదిలితే ఇక ఆలస్యమైపోయిందని గుర్తు. నిద్రపోతే ఉత్తీర్ణుణ్ణి అయినట్టు. ఇన్నాళ్ళూ నా పాటకు ఎవరైనా నిద్రపోతే అవమానంగా ఉండేది. ఇప్పుడు మా కుక్క గురక కోసం ప్రాణం పెట్టి పాడాను. రెండో వారంలో ఒకరోజు కీర్తన మొదటి నుంచి చివరిదాకా అయిపోయాక, అది నిజంగానే గురకపెట్టింది. మా ఆవిడను లేపి మరీ చూపించాను. ఆ రోజు ఆమెకు సెలవు.

పండుగ రోజు పొద్దున టీచరమ్మ నన్ను వరస మధ్యలో, మందుల షాపాయనకు, రైల్వే ఆయనకు నడుమ నిలబెట్టారు. గోడవైపు ఫ్యాను ఆపేశారు. ఇరవై రెండేళ్ళ తర్వాత అక్కడ ఉక్కపోత అంటే ఏమిటో తెలిసింది. పాట మొదలైంది. నేను సగం గొంతుతో పాడుతుంటే కుడిపక్క నుంచి, ఎడమపక్క నుంచి వేరే గొంతులు వినిపించడం మొదలుపెట్టాయి. వెనక బేస్ వాళ్ళు ఒక చోట కిందికి దిగి, మెల్లగా మళ్ళీ పైకి వచ్చి మాతో కలుస్తారు. ఆ కలవడం అన్ని ఆదివారాలూ నా వెనకే జరిగిందట. నేనెప్పుడూ వినలేదు. అది వింటూ ఒక అక్షరం పాడటమే మరిచిపోయాను.

రైల్వే ఆయన నాలుగు పంక్తులూ బాగా పాడాడు. నాకు అసూయ కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. కలిగింది. మూడో పంక్తి దగ్గర అతని గొంతు కొంచెం జారాలని కూడా ఒక్క క్షణం కోరుకున్నాను, పండుగ రోజు, చర్చిలో, చేతిలో ఈతమట్టతో. జారలేదు.

ఆరాధన అయ్యాక ఆవరణలో అందరం నిలబడి ఉన్నాం. మా చర్చి పెద్దల్లో ఒకాయన, ఎనభై ఏళ్ళుంటాయి, ప్రతి ఆదివారం మొదటి బెంచీలో కూర్చునే మనిషి, నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఇంకా క్వయిర్ గౌనులోనే ఉన్నాను.

"ఏం తమ్మీ, ఊరికి పోయినవా ఏంది? క్వయిర్ల నీ గొంతు ఇనబడలే."

"లేదన్నా, ఉన్న. పాడిన."

"పాడినవా?" అని నా మొహంలోకి కాసేపు చూశాడు. "గట్లనా. ఈసారి పాట మంచిగుండె," అని, ఇంకెవరో పిలిస్తే అటు వెళ్ళిపోయాడు.

ఇంటికి నడిచే వెళ్ళాం. ఆదివారం కాబట్టి ఆబిడ్స్ దుకాణాల షట్టర్లు చాలావరకు దించి ఉన్నాయి. ఆ పెద్దాయన అన్న మాట మా ఆవిడకు చెప్పాను. ఆమె ఒక షట్టరుకు చెయ్యి ఆనించి, నడవలేక ఆగిపోయి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మా అమ్మాయి, "డాడీ, నిన్ను గింత మంచిగ ఎవ్వరు మెచ్చుకోలే ఎన్నడు," అంది. ఆలోచిస్తే నిజమే.

తలుపు తీయగానే కుక్క ఎదురొచ్చి నన్ను వదిలేసి నా చేతిలోని ఈతమట్టను వాసన చూసింది. కొస పట్టుకుని లాగింది. ఇచ్చేశాను. దాన్ని నోట కరుచుకుని, రెండు గుమ్మాలకూ తగిలించుకుంటూ మంచం కిందికి ఈడ్చుకెళ్ళి, మధ్యాహ్నం దాకా నములుతూ కూర్చుంది. సాయంత్రం ఆ పీచంతా నేనే ఊడ్చాను.